హంస అంచు, అరవై నాలుగు నంబరు కార్డు

మా ఇంట్లో నంబరు అంటే నూలు నంబరే. ఎనభై అంటే ఒక రకం, నూరు అంటే ఇంకొంచెం సన్నం, నూట ఇరవై అంటే వేళ్ళ మధ్య పెట్టి నలిపితే గాని ఉందో లేదో తెలియనంత సన్నం. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, బట్ట మెత్తబడుతుంది, చీరకు పేరు వస్తుంది. గద్వాలలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన ఏ పిల్లకైనా ఎక్కాల కంటే ముందు ఈ సంగతి తెలుస్తుంది. ఈ తెలివే ఒకసారి నా కొంప ముంచింది. అది కూడా నూలు కొట్లో కాదు, కంప్యూటర్ సామాన్లు అమ్మే కొట్లో.

రెండువేల ఏడు ప్రాంతంలో మాట. వనపర్తిలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, మా ఇంటి ముందరి అర్రలో ఒక సిస్టమ్ పెట్టుకొని చీరల డిజైన్లు గీసేదాన్ని. అంతకుముందు ఆ పని మా నాయినది. అంచు మీద నెమలి రావాలన్నా మామిడిపిందె రావాలన్నా ముందు దాన్ని గళ్ళ కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్ళను చూసి అట్టలకు చిల్లులు పొడుస్తారు. ఆ అట్టలు మగ్గం మీది జకార్డు పెట్టెలో ఒకదాని వెనుక ఒకటి తిరుగుతూ ఏ పోగు పైకి లేవాలో, ఏది కిందే ఉండాలో చెబుతాయి. నాయిన ముప్పై ఏళ్ళు ఆ గళ్ళు నింపాడు. మా వీధి చీరల్లో సగం వాటి మీద ఆయన నెమళ్ళే తిరిగేవి. ఆ సంగతి కొనేవాళ్ళకు తెలియదు, అమ్మేవాళ్ళు చెప్పరు, ఆయనకు ఆ పట్టింపే లేదు. ఆ పట్టింపు లేకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆయన కళ్ళకు నీటికాసులు అని తెలిసేసరికే ఆలస్యమైంది. ఆ జబ్బులో మొదట పక్కలకు కనపడే చూపు పోతుంది. ఎదురుగా ఉన్నది కనపడుతూనే ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదు. గడప తట్టుకొని తూలినా, పక్కన పెట్టిన చాయ్ గ్లాసు తన్నేసినా పరాకు ఎక్కువైందని అమ్మ తిట్టేది. చివరికి నేను హైదరాబాదు కంటి దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు మానకుండా వేస్తే మిగిలింది కొంతకాలం నిలుస్తుంది, అది కూడా చుట్టూ నుంచి మెల్లగా దగ్గరికి ముడుచుకుంటూ వస్తుంది. ఎన్నాళ్ళు అని నాయిన ఒక్క మాట అడిగాడు. ఆమె చెప్పలేనంది.

బయటికి వచ్చి చెట్టు కింది బల్ల మీద కూర్చున్నాం. అక్కడే నాయిన అన్నాడు. “మా అమ్మ చీర హంస అంచు ఒక్కపారి బట్ట మీద చూడాలె బిడ్డా. కండ్లున్నప్పుడే.”

ఆ చీర కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. నానమ్మ పెళ్ళికి తాత తన చేత్తో నేసినది. అప్పటికి మా వీధికి జకార్డు పెట్టెలు రాలేదు. డిజైనును మగ్గానికే దారాలతో ముడులు వేసి కట్టుకునేవారట. తాతతోపాటే ఆ ముడులూ పోయాయి. చీర మాత్రం పండుగలన్నీ అయ్యాక ఇంట్లో చాలా ఉద్యోగాలు చేసింది. నాయినకు ఊయల అయింది, నాకు ఊయల అయింది, చివరికి బొంతలో చేరింది. బొంత విప్పితే జానెడు అంచు మిగిలింది. అందులో నిండుగా ఉన్న హంసలు రెండు, మూడోదానికి మెడ లేదు. చిన్నప్పుడు నాయిన జ్వరంతో పడుకుంటే నానమ్మ పక్కన కూర్చునేదట. ఆయన ఆమె చీర అంచు పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొస దాకా హంసలను లెక్కపెట్టేవాడట. ఒక అంచుకు డెబ్బై రెండు అని ఎప్పుడూ అనేవాడు. జ్వరంలో పెట్టిన లెక్క అని మేం నవ్వేవాళ్ళం.

ఊరందరికీ గ్రాఫులు గీసిన మనిషి తన తల్లి చీర అంచును మాత్రం గీసి పెట్టుకోలేదు. ఎప్పుడడిగినా రేపు, ఎల్లుండి. అమ్ముడుపోయేది ముందు, మనది తరువాత. దవాఖాన ముందు ఆ మాట వినగానే నాకు కోపమే వచ్చింది. ఏడుపు బస్సు ఎక్కాక వచ్చింది. కానీ బస్సు ఎక్కకముందు ఇంకో పని జరిగింది, నేను చెప్పాల్సింది దాని గురించే.

ఊళ్ళో బయలుదేరినప్పుడే అనుకున్నాం, కళ్ళ పరీక్ష అయ్యాక కంప్యూటర్‌కు ఒక గ్రాఫిక్స్ కార్డు, ఒక పెద్ద తెర కొనుక్కుపోవాలని. నా సిస్టమ్‌లో బొమ్మల కోసం వేరే కార్డు లేదు, బోర్డు మీదే ఉన్న చిన్న ఏర్పాటుతో నెట్టుకొస్తున్నాను. పాత డబ్బా తెర మీద ఏ అంచునైనా పెద్దది చేసి అటూ ఇటూ జరిపితే బొమ్మ ఒక్కసారి జరిగేది కాదు. చీపురుతో ఊడ్చినట్టు ముక్కలు ముక్కలుగా వచ్చేది. నాకది విసుగు, అంతే. నాయినకు అలా కాదు. ఆయనకు కనపడే మేర అప్పటికే చాయ్ సాసరంత. అందులోకి నెమలి తల వచ్చేలోపు ఒళ్ళు చెదిరిపోయేది, ఒళ్ళు కుదిరేలోపు తల పోయేది. నేను గీసింది తప్పో ఒప్పో చెప్పే మనిషికి నేను గీసింది అందకపోతే ఎట్లా?

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. నా సిస్టమ్ అందరి సిస్టమ్ లాంటిది కాదు. కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాము మొదట అందరూ వాడేదే దొంగ సీడీతో వేసుకున్నాను. ఒక ఎండాకాలం వైరస్ దూరి నెల రోజుల గ్రాఫులు ఊడ్చుకుపోయింది. అప్పుడు వనపర్తిలో నాకు కంప్యూటర్ నేర్పిన సారు ఒక లినక్స్ సీడీ ఇచ్చాడు. ఇది ఒకరి సొత్తు కాదు, రాసినవాళ్ళు దాచుకోకుండా అందరి ముందూ పెట్టారు, బొమ్మలు గీసే ప్రోగ్రాము కూడా అందులోనే ఉందన్నాడు. నేను ఇంటికొచ్చి చెబితే నాయినకు ఆ మాట బాగా నచ్చింది. డిజైను అడిగినోళ్ళకల్లా ఇచ్చేటోళ్ళు మనలాంటోళ్ళు ఇంకెక్కడో కూడా ఉన్నారన్నమాట అని సంబరపడ్డాడు.

కార్డు కొంటానంటే సారు చిన్న చీటీ మీద ఒక పేరు రాసిచ్చాడు. కార్డుకూ సిస్టమ్‌కూ మధ్య మాట నడిపే చిన్న ప్రోగ్రాము ఒకటుంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. కొన్ని కార్డుల లోగుట్టు వాటిని చేసినవాళ్ళు బయట పెట్టరు. పెట్టకపోతే లినక్స్ రాసేవాళ్ళు డ్రైవర్ రాయలేరు. ఈ చీటీలో ఉన్న కార్డు పాతదే, కానీ దాని డ్రైవర్ సీడీలోనే ఉంది, పెట్టగానే పనిచేస్తుంది, ఇది తప్ప ఇంకోటి కొనవద్దని రెండుసార్లు చెప్పాడు. నేను తలూపాను. తలూపడంలో నాకు ఎవరూ సాటిరారు.

దవాఖాన నుంచి కంప్యూటర్ సామాన్ల కొట్టుకు పోయాం, అక్కడ కుర్చీలు లేవు. నాయినను అట్టపెట్టెల మీద కూర్చోబెట్టి చీటీ చూపించాను. అమ్మే మనిషి దాన్ని చూసి జాలిపడ్డాడు. ఇది ఇప్పుడెవరు కొంటున్నారు మేడం అని, వెనుక నుంచి దుమ్ము పట్టిన చిన్న డబ్బా ఒకటి తెచ్చి పెట్టాడు. దాని పక్కనే మెరిసిపోయే పెద్ద డబ్బా పెట్టాడు. దాని మీద కత్తి పట్టుకున్న ఆడపిల్ల, వెనుక మంటలు. ఏముందే దాని మీద అని నాయిన అడిగితే, కత్తి పట్టుకున్న పిల్ల అన్నాను. నీ లెక్కనే ఉన్నది అన్నాడు. చిన్న డబ్బా మీద అరవై నాలుగు అని అంకె ఉంది, పెద్ద డబ్బా మీద రెండు వందల యాభై ఆరు. రెండూ చదివి వినిపించాను.

నాయిన మొహం మారింది. “అరవై నాలుగేందే? అరవై నంబరు మన మగ్గమెక్కుతదా? పెద్ద నంబరుదే తీసుకో. హంస మెడ సన్నగ రావాలె.”

నేను చీటీ పట్టుకొనే ఉన్నాను. సారు చెప్పింది చెవుల్లోనే ఉంది. కానీ పుట్టిన దగ్గర నుంచి తెలిసిన లెక్క ముందు, మొన్న విన్న లెక్క ఎంతసేపు నిలుస్తుంది? నూట ఇరవైకే వేలికి తెలియని పోగు వస్తే, రెండు వందల యాభై ఆరుకు ఎంత సన్నటి గీత రావాలి! కళ్ళు పోతున్న మనిషి, తల్లి చీర కోసం అడుగుతున్నాడు, ఇక్కడ పీనాసితనం చేస్తామా అనుకున్నాను. కత్తి పట్టుకున్న పిల్ల మాతో గద్వాలకు వచ్చింది. పాత డబ్బా తెరకు బదులు పల్చటి కొత్త తెర కూడా వచ్చింది.

ఇంటికొచ్చి కార్డు బిగించి కొత్త తెర తగిలించాను. బొమ్మ వచ్చింది. బొమ్మ వచ్చిందంటే కార్డు పనిచేస్తున్నట్టే కదా అనుకున్నాను. మొదట్లో ఏవో ఇంగ్లీషు అక్షరాల వరుస ఒకటి వచ్చి పోయింది, నేను చదవలేదు. అంచును జరిపితే ఇప్పుడు కూడా చీపురు ఊడుపే. ఫైలు పెద్దదైంది కాబట్టి అని సర్దిచెప్పుకున్నాను. నచ్చి తెచ్చుకున్నదాని తప్పులు అంత తొందరగా కనపడవు.

జానెడు అంచు ముక్కను స్కాన్ చేసి తెర మీద పెట్టాను. నిండుగా ఉన్న హంసను పట్టుకొని గళ్ళలోకి దింపాను. అంతా అయ్యాక గుడ్డ ముక్కను తెర పక్కన ఆనించి చూస్తే తెర మీది హంస కాస్త పొడుగ్గా ఉంది. వేరే ఇంటి పిల్లయితే తెరను అనుమానించేది. నేను అనుమానించలేదు. ఎందుకంటే మాకు గ్రాఫు మీద బొమ్మ ఎప్పుడూ సరిగ్గా ఉండదు. నిలువు పోగులు ఒక అంగుళానికి ఎన్ని వస్తాయో అడ్డ పోగులు అన్ని రావు. కాబట్టి చదరపు గళ్ళ మీద గీసిన బొమ్మ ఒక పక్కకు లాగినట్టే ఉంటుంది, మగ్గం మీదికి పోయాక సర్దుకుంటుంది. నాయిన కాగితం మీది నెమళ్ళన్నీ రోగం వచ్చినట్టు సాగి ఉండేవి, చీర మీద చూస్తే చక్కగా నిలబడేవి. ఆ సాగుడును ఎంత ఇవ్వాలో ఎంత తీయాలో తెలియడమే మా పనితనం. ఇదీ ఆ సాగుడే, నేను తీయడం మరిచిపోయాను అనుకొని, తెర మీది హంస గుడ్డ మీది హంసతో సరిపోయేదాకా దాన్ని పైనుంచి కిందికి నొక్కాను. నొక్కి, మెడ లేని మూడోదాన్ని కూడా అదే కొలతతో పూర్తిచేసి, నా పనితనానికి నేనే మురిశాను.

అట్టలు కొట్టించాం. మా చిన్నాయన మగ్గం పక్కిల్లే. ఆయన, చిన్నమ్మ పక్కపక్కన కూర్చొని నేస్తారు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండింటినీ నేతలోనే కలపాలి కాబట్టి ఒక మనిషితో కాదు. ముందు మచ్చుకు జానెడు నేయమన్నాం. ఆ జానెడూ నేసి, కోసి చేతిలో పెట్టారు. బంగారు జరీలో హంసలు మూడు. చిన్నాయన, చిన్నమ్మ, అమ్మ, నేను నలుగురం చూసి బాగున్నాయనుకున్నాం.

నాయిన దాన్ని తీసుకొని గడప దగ్గరికి పోయాడు. మా ఇళ్ళలో రంగు చూడాలన్నా నేత చూడాలన్నా పొద్దుటి వెలుతురులో గడప దగ్గరే. ముక్కను కళ్ళకు దగ్గరగా పట్టుకొని, కొంచెం కొంచెం జరుపుతూ మూడింటినీ చూశాడు. తరువాత మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చాడు.

“మెడ గిట్ల ఉండది బిడ్డా. ఇది బాతు.”

చిన్నమ్మకు నవ్వు ఆగలేదు. నాకు మాత్రం రోషం వచ్చింది. నా గ్రాఫు తప్పు కాదు, చిన్నాయన దెబ్బ ఎక్కువైంది, అడ్డ పోగులను గట్టిగా కొట్టి దగ్గరికి తోశాడు, అందుకే హంస కురచైంది అని అందరి ముందు అనేశాను. నలభై ఏళ్ళు నేసిన మనిషిని, తండ్రి తరువాత తండ్రిని, అలా అనకూడదు. చిన్నాయన లేచాడు. భూతద్దం తెచ్చి, ముక్క మీద పెట్టి, అంగుళానికి ఎన్ని అడ్డ పోగులు వచ్చాయో నన్నే లెక్కపెట్టమన్నాడు. లెక్కపెట్టాను. ఒక్క పోగు కూడా ఎక్కువ లేదు. ఆయన భూతద్దం తీసుకొని తన ఇంటికి పోయాడు, ఆ రోజు మగ్గం చప్పుడు వినపడలేదు.

నేను మొహం మాడ్చుకొని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాయిన గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. బట్ట తప్పొస్తే మనిషిని అనకముందు పన్నె కొలుస్తారు కదా అన్నాడు. పన్నె అంటే మగ్గం మీద నిలువు పోగులు దూరే దువ్వెన. అది తప్పుంటే ఎంత మంచి నేతగాడు నేసినా బట్ట తప్పే వస్తుంది. నాకు అర్థం కాలేదు, నా దగ్గర పన్నె ఎక్కడిది అన్నాను.

“తెర కొలిచినవా?” అన్నాడు.

కొలవలేదు. తెర అంటే కనపడేదే గాని కొలిచేదని నాకు తట్టనే లేదు. చేతికి ఒక గాజు ఉంటే తీశాను. ప్రోగ్రాములో ఒక సున్నా గీశాను. కంప్యూటర్ గీసే సున్నా కాబట్టి అది గుండ్రంగానే ఉండి తీరాలి. గాజు పక్కలకు ఆనేదాకా దాన్ని పెద్దది చేసి, గాజును అద్దం మీద పెట్టాను. పక్కలకు సరిపోయింది. పైనా కిందా సున్నా బయటికి పొడుచుకొచ్చింది. తెర మీద ఉన్నది సున్నా కాదు, గుడ్డు. ఈ తెర మీద గీసిన ఏ బొమ్మ అయినా ఉన్నదానికంటే పొడుగ్గా కనపడుతోంది. అలా కనపడిన హంసను నేను పనితనం చూపించి నొక్కాను. సరిగ్గా ఉన్న హంసను పట్టుకొని బాతును చేశాను.

నాయిన గాజును వేలితో తడిమాడు. చీటీలో లేని కార్డు తెచ్చిన ఫలితమిది అని ఇద్దరికీ తట్టింది. నంబరు నేనే చెప్పిన కదా అన్నాడు. నేను కాదు, చీటీ నా చేతిలోనే ఉండె కదా అన్నాను. తప్పు నాదంటే నాదని ఇద్దరం పోట్లాడుకున్నాం. ఆ పోట్లాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తాయి.

మరునాడు పొద్దున మొదట చిన్నాయన ఇంటికి పోయి, తప్పైందని చెప్పి, ఆయన వద్దంటున్నా కాళ్ళు పట్టుకున్నాను. తరువాత కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కాను. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన దాటేటప్పుడు అందరూ కిటికీలోంచి నదిలోకి చిల్లర వేస్తుంటే నేనూ వేశాను. గ్రాఫిక్స్ కార్డు కోసం కృష్ణమ్మకు మొక్కిన మొదటిదాన్ని నేనే అయి ఉంటాను. పెబ్బేరులో బస్సు మారి, వనపర్తిలో సారు ముందు డబ్బా పెట్టేసరికి నా మోకాళ్ళ మీద దాని అంచు అచ్చు పడింది.

సారు సిస్టమ్‌ను తన తెరకు తగిలించి, నేను చదవకుండా వదిలేసిన ఆ ఇంగ్లీషు వరుసను చదివాడు. చీటీ సంగతి అడిగాడు. నేను నూలు నంబరు సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఆ అంకె కార్డులో బొమ్మలు పెట్టుకోవడానికి ఉన్న చోటును చెబుతుంది, గీత సన్నదనాన్ని కాదు. ఆటలు ఆడేవాళ్ళకు ఆ చోటంతా కావాలి, హంసకు అందులో మూలన ఇంత చాలు. ఈ కార్డు ఎవరో మా సిస్టమ్‌కు తెలియదు. తెలియని మనిషి ఇంటికొస్తే సైగలతో నెట్టుకొచ్చినట్టు, ఏదో కనీసం బొమ్మ రావాలని ఒక ముతక కొలతతో నడిపిస్తోంది. అందుకే ఊడ్చినట్టు రావడం. ఆ కొలత పాత డబ్బా తెరల కొలత. కొత్త తెర ఎత్తు ఇంకొంచెం ఎక్కువ కాబట్టి, ఉన్న బొమ్మనే పైకి లాగి నింపుకుంటోంది. ఒక్కటి మాత్రం అడిగాడు, రెండుసార్లు చెప్పినా ఎందుకు వినలేదు అని. నాయిన అడిగాడు సార్ అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

ఆయన ల్యాబులో ఒక పాత సిస్టమ్ ఉంది. దాన్ని విప్పి, చీటీలో రాసిన కార్డును అందులోంచే తీశాడు. చిన్నది, ఫ్యాన్ కూడా లేనిది, అరవై నాలుగు నంబరుది. దాన్ని నా సిస్టమ్‌లో బిగించి, కత్తి పట్టుకున్న పిల్ల కార్డును తన సిస్టమ్‌లో బిగించుకున్నాడు. అక్కడ అందరూ వాడే మామూలు సిస్టమే ఉంది కాబట్టి దానికి పని దొరుకుతుందన్నాడు. ఇద్దరికీ చెల్లు.

ఇంటికొచ్చి కొత్త తెరకు తగిలించి ముందు సున్నా గీశాను. గాజు పెట్టాను. అన్ని వైపులా అతుక్కున్నట్టు కూర్చుంది. అంచును పెద్దది చేసి జరిపాను. ఊడుపు లేదు, ముక్కలు లేవు. చేయి ఎటు పోతే హంస అటు పోయింది. నేను లేచి నాయినను పిలుచుకొచ్చి కూర్చోబెట్టాను. ఆయన తెరకు దగ్గరగా జరిగి మొదటి హంసను తల నుంచి తోక దాకా చూశాడు, రెండోది రమ్మన్నాడు, మెడ పోయిన మూడోదాన్ని కూడా అడిగి చూశాడు. మెడ వంపు దగ్గర ఏ గడి నింపాలో, ఏది వదలాలో చెబుతూ పోయాడు. ఆ ముక్క మీద అరిగిపోయిన వంపు కూడా ఆయనకు గుర్తుంది. ఐదు రోజులు పొద్దున్నే కూర్చొని ఇద్దరం ఒక్క హంసను గీశాం. చెప్పేది ఆయన, నింపేది నేను. నా బతుకులో నాకు నచ్చిన రోజులు ఏవంటే ఆ ఐదే చెబుతాను.

మళ్ళీ అట్టలు కొట్టించాం. ఈసారి చిన్నాయన మచ్చు నేయలేదు, చీరే నేశాడు. మచ్చు ఎందుకు నేయలేదని ఎవరూ అడగలేదు. చీర దిగిన రోజు పొద్దున గడప దగ్గర నాయిన చేతుల్లో పెట్టారు. అప్పటికి ఆయన చూపు సాసరు నుంచి గాజంతకు వచ్చింది. ఒక్క హంస అందులో సరిగ్గా పడుతుంది. అంచును బొటనవేళ్ళతో జరుపుకుంటూ ఒకటి తరువాత ఒకటి చూసుకుంటూ పోయాడు. చిన్నాయన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. చివరికి నాయిన తలెత్తి, చిన్నాయన ఎక్కడున్నాడో వెతుక్కొని చూసి, “గిదే” అన్నాడు. అమ్మ చీరను తీసుకొని నేల మీద పరిచి హంసలను లెక్కపెట్టింది. డెబ్బై రెండు ఉన్నాయి. అప్పుడు మాలో ఎవరమూ నవ్వలేదు.

ఆ తరువాత రెండేళ్ళకు ఆయనకు గుడ్డ మీది బొమ్మ అందడం మానేసింది. గడప దగ్గర ఎంత వెలుతురున్నా గుడ్డ మసకగా ఉందనేవాడు. తెర మాత్రం తన వెలుతురు తనకే ఉన్నది కాబట్టి ఇంకొంతకాలం కనపడింది. నేను ఒక ఫైలులో ఒకే హంసను వరుసగా డెబ్బై రెండుసార్లు పెట్టి అంచు మొత్తం తయారు చేశాను. పొద్దున చుక్కల మందు వేసుకొని, చాయ్ తాగి, నాయిన వచ్చి తెర ముందు కూర్చునేవాడు. నేను అంచును మెల్లగా నడిపించేదాన్ని. హంసలు ఒకదాని వెనుక ఒకటి ఆయన ముందు నుంచి పోయేవి. ఆ చిన్న కార్డు ఒక్కరోజు తడబడలేదు. ఎన్నో సామాన్లు మార్చాను గాని దాన్ని మార్చలేదు.

ఒకరోజు డెబ్బై రెండూ అయిపోయాయి. అయిపోయాయంటే లేచి గోడ పట్టుకొని లోపలికి పోతాడు, నాకు తెలుసు. ఆయన ఇంకా తెర వైపే వంగి ఉన్నాడు. అయిపోయాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చప్పుడు చేయకుండా మొదటి హంస దగ్గరికి తిప్పి మళ్ళీ నడిపించాను. ఇరవై పోయాయో ముప్పై పోయాయో, నాయిన తెర మీది నుంచి కళ్ళు తీయకుండానే అన్నాడు.

“మా అమ్మ చీరకు ఎన్నున్నయో నాకు తెల్వదా బిడ్డా?”

నా చేయి ఆగిపోయింది.

“నడువనీ” అన్నాడు. నేను నడిపించాను.